పూసాలో హీలియం, లెనిన్‌గ్రాడ్‌లో పసుపు గీతలు
ఢిల్లీ విజ్ఞాన చరిత్ర – 17వ భాగం

1952 మే 13న రాజ్యసభ తొలిసారి కొలువుదీరింది. రాష్ట్రపతి నామినేట్ చేసిన పన్నెండు మందిలో నటుడు పృథ్వీరాజ్ కపూర్ ఉన్నారు, హిందీ కవి మైథిలీశరణ్ గుప్త ఉన్నారు, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ ఉన్నారు. వారి పక్కన కలకత్తా నుంచి వచ్చిన యాభై ఎనిమిదేళ్ల భౌతికశాస్త్ర ఆచార్యుడు ఒకరు. ఆయన సత్యేంద్రనాథ్ బోస్.

అదే సంవత్సరం, పార్లమెంటు భవనానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, పూసా దగ్గరి జాతీయ భౌతిక ప్రయోగశాలలో హీలియం వాయువును ద్రవంగా మార్చే యంత్రం పని ప్రారంభించింది. ద్రవ హీలియం మరిగేది మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పరమశూన్యానికి కేవలం నాలుగు డిగ్రీల చిల్లర పైన. దేశంలో అంతటి చలిని అంతకుముందు ఎవరూ పుట్టించలేదు.

అదే సంవత్సరం లెనిన్‌గ్రాడ్‌లో యెవ్‌గేనీ గ్రాస్, ఆయన సహచరుడు కర్రియెవ్ ఒక చిన్న వ్యాసం అచ్చువేశారు. చల్లబరిచిన క్యుప్రస్ ఆక్సైడ్ స్ఫటికంలోంచి కాంతిని పంపితే, వర్ణపటంలో పసుపు ప్రాంతాన వరుసగా నల్లటి గీతలు కనిపించాయని ఆ వ్యాసం సారాంశం. రాగి ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే ఎర్రని పదార్థం అది. భూమిలో ఖనిజంగానూ దొరుకుతుంది.

లెక్క తెలిసిన మనిషి, చలిని పుట్టించే యంత్రం, కొత్త కణం జాడ చూపిన స్ఫటికం. ఈ మూడూ కలిస్తే అర్ధవాహకంలో బోస్ కండెన్సేషన్ అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పదేళ్ల తరువాత పుట్టింది, ఢిల్లీలో మాత్రం కాదు. దానికి కావలసిన మనుషులూ సామగ్రీ 1952 నాటి ఢిల్లీలో ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఈ భాగంలో ఆ దగ్గరితనాన్నీ, ఆ తరువాత ప్రపంచం నడిచిన దారినీ చెప్పాలి.

ముందు లెక్క సంగతి. 1924 జూన్ 4న ఢాకా నుంచి బోస్ ఐన్‌స్టీన్‌కు ఉత్తరం రాశారు. జతగా ఒక వ్యాసం పంపారు. వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతికి ప్లాంక్ ఇచ్చిన సూత్రాన్ని కాంతి కణాలను లెక్కపెట్టడం ద్వారా మాత్రమే రాబట్టవచ్చని అందులో చూపారు. ఆ లెక్కపెట్టే తీరులోనే కొత్తదనమంతా ఉంది. వామనగుంటల పీటలో రెండు గుంటలు, రెండు చింతగింజలు అనుకుందాం. గింజల్లో ఒకదానికి సున్నం బొట్టు పెడితే వాటిని గుంటల్లో వేసే పద్ధతులు నాలుగు: రెండూ ఎడమవైపు, రెండూ కుడివైపు, బొట్టుది ఎడమా లేనిది కుడీ, లేనిది ఎడమా బొట్టుది కుడీ. బొట్టు తీసేస్తే చివరి రెండు పద్ధతులకూ తేడా పోతుంది, మిగిలేవి మూడే. రెండూ ఒకే గుంటలో పడే అవకాశం నాలుగింట రెండు నుంచి మూడింట రెండుకు పెరిగింది. గింజల మీద బొట్టు చెరిపేసినా, తగినంత శ్రద్ధగా చూసేవాడికి ఏది ఏదో తెలుస్తుంది. కాంతి కణాల విషయంలో అలా కాదు. వాటికి విడివిడి గుర్తింపు ప్రకృతిలోనే లేదు. అందుకే అవి ఒకే స్థితిలో గుమిగూడటానికి సహజంగా మొగ్గుతాయి.

ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని తానే జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. ఆ లెక్కను పరమాణువులకు వర్తింపజేసి, 1925లో ఒక వింత ఫలితం ప్రకటించారు. ఒక హద్దు దాటి వాయువును చల్లబరిస్తే, ఉన్న కణాల్లో పెద్ద భాగం అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్న ఒకే ఒక్క స్థితిలోకి జారిపోతుంది. కణాల మధ్య ఆకర్షణ ఏమీ అక్కర్లేదు. లెక్కే వాటిని కిందికి దించుతుంది. బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేషన్ అంటే ఇదే.

ఇక్కడ మన తెలుగువాడి ప్రస్తావన రావాలి. బోస్ లెక్కలో ఒకచోట రెండుతో గుణించవలసి వచ్చింది. ఎందుకో ఆ వ్యాసంలో వివరంగా లేదు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరిన సూరి భగవంతం 1931లో, ఇరవై రెండేళ్లయినా నిండని వయసులో, గురువుతో కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉందని చూపే ప్రయోగఫలితాలు ప్రకటించారు. కాంతి కణానికి తనచుట్టూ తాను తిరిగే గుణం ఉండవచ్చనీ, దానికి రెండు దిశలు సాధ్యం గనుకే ఆ రెండు వచ్చిందనీ బోస్ మొదటే ఊహించారని, ఆ సంగతి ఆయనే తమకు చెప్పారని ఆ వ్యాసం తొలి వాక్యాల్లో రాశారు. ఆధునిక భౌతికశాస్త్రపు పునాదిలో ఒక రాయి ఇలా బోస్‌నూ భగవంతాన్నీ కలిపి మోస్తోంది. మన పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక్క పేరాలోనైనా చెప్పవలసింది.

ఇక చలి సంగతి. ఢిల్లీ ప్రయోగశాలకు నెహ్రూ 1947 జనవరి 4న శంకుస్థాపన చేయడం, 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించడం వెనకటి భాగాల్లో చూశాం. దాని తొలి సంచాలకుడు కె.ఎస్. కృష్ణన్. రామన్ ఎఫెక్ట్‌ను కనుగొన్న రోజుల్లో రామన్ పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఆ వెంటనే 1928 చివర్లో ఆయన ఢాకా విశ్వవిద్యాలయంలో రీడర్‌గా చేరారు. అక్కడ భౌతికశాస్త్ర విభాగానికి పెద్ద బోసే. 1933 దాకా ఇద్దరూ ఒకే విభాగంలో పనిచేశారు. సన్నని క్వార్ట్జ్ పోగుకు స్ఫటికాన్ని వేలాడదీసి, అయస్కాంత క్షేత్రంలో అది ఎటు తిరుగుతుందో, ఎంత తిరుగుతుందో కొలిచి, లోపల అణువులు ఏ వాలున పేర్చి ఉన్నాయో చెప్పగలిగే ప్రయోగాలు కృష్ణన్ మొదలుపెట్టింది ఢాకాలోనే.

అలాంటి మనిషి చేతికి ప్రయోగశాల వస్తే చలియంత్రం తెప్పించకుండా ఉంటాడా? పదార్థం గుణాలను వేడి కప్పేస్తుంది. పరమాణువుల కంపనం తగ్గేకొద్దీ, అంతకుముందు ఆ అలజడిలో కనబడని సున్నితమైన తేడాలు పైకి తేలతాయి. అయస్కాంతత్వం మీద జీవితం గడిపిన కృష్ణన్‌కు ఇది ఒకరు చెప్పవలసిన పని లేదు. పెద్ద చలియంత్రాలు అప్పటిదాకా వాటిని కట్టిన ప్రయోగశాలల సొత్తు. అమెరికాలో శామ్యూల్ కొలిన్స్ 1940లలో రూపొందించిన యంత్రం వచ్చాక పరిస్థితి మారింది. వాయువును వ్యాకోచింపజేసి, ముషలకాన్ని నెట్టే పని దాని చేతనే చేయించి, ఆ పనికి ఖర్చయిన శక్తి మేరకు దాన్ని చల్లబరచడం, చివరికి సన్నని కవాటం గుండా వదిలి చుక్కలుగా మార్చడం అందులోని కిటుకు. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలకు ద్రవ హీలియం ఆ తరువాతే అందుబాటులోకి వచ్చింది.

హీలియం అనగానే తెలుగువారు గుంటూరును తలుచుకోవాలి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిలో ప్రకాశవంతమైన గీతలు ఆ రోజు కనిపించాయి. అందులోని పసుపు గీత సోడియంది కాదనీ, భూమి మీద తెలియని మూలకానిదనీ ఇంగ్లండులో లాకియర్ తేల్చి చెప్పడంతో హీలియం పేరు పుట్టింది. భూమి మీద దాన్ని 1895లో రామ్సే పట్టుకున్నారు. 1908 జూలై 10న లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ దాన్ని ద్రవంగా మార్చారు. ఆయన వాడిన వాయువు మోనజైట్ ఇసుకను వేడిచేసి రాబట్టినది. మన భీమునిపట్నం తీరంలోనూ ఆ ఇసుక ఉంది.

పూసాలో యంత్రం నడక మొదలుపెట్టాక, 1953-54లో డేవిడ్ షోన్‌బర్గ్ యునెస్కో తరఫున అతిశీతల భౌతికశాస్త్ర సలహాదారుగా వచ్చి జాతీయ ప్రయోగశాలలో పనిచేశారు. కేంబ్రిడ్జి మనిషి, పుట్టింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. 1937-38లో ఆయన మాస్కోలో కపిత్సా సంస్థలో ఒక ఏడాది గడిపారు. ద్రవ హీలియం 2.17 కెల్విన్‌లకు దిగువన జిగట పూర్తిగా పోగొట్టుకుని అతిప్రవాహిగా మారుతుందని కపిత్సా ప్రకటించింది సరిగ్గా ఆ సమయంలోనే. కేంబ్రిడ్జిలో అలెన్, మిసెనర్ అదే సంగతి విడిగా కనుక్కున్నారు. 1938లోనే ఫ్రిట్జ్ లండన్ ముందుకొచ్చి, ఈ ప్రవాహం వెనక ఉన్నది బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేషనే అన్నారు. పదమూడేళ్లుగా కాగితానికే పరిమితమైన ఊహకు ప్రకృతిలో తొలి ఆధారం దొరికింది. ఆ రోజుల మాస్కోను కళ్లారా చూసిన శాస్త్రవేత్త ఢిల్లీకి వచ్చి ఇక్కడి యువకుల పక్కన నిలబడ్డాడు. ఆయన సొంత విషయం మాత్రం లోహాల్లో ఎలక్ట్రాన్లు. పూసాలో అతిశీతల పరిశోధన కూడా లోహాలు, అయస్కాంత గుణాల వైపే నడిచింది. కృష్ణన్ తన సొంత శ్రమను ఆ కాలంలో దీనికి పూర్తి వ్యతిరేక దిక్కుకు మళ్లించారు. శూన్యంలో కాలుతున్న తీగల ఉష్ణోగ్రత ఎలా పరచుకుంటుంది, వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఎలా వెలువడతాయి అన్న లెక్కల్లో మునిగారు.

బోస్ కూడా ఊరకే కూర్చోలేదు. కలకత్తాలో ఆయన ఆ సంవత్సరాల్లో స్ఫటికాల ఉష్ణదీప్తి మీద ప్రయోగాలు నడిపారు. స్ఫటికంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు వేడి తగిలినప్పుడు విడుదలై వెలుగు చిమ్మే దృగ్విషయం అది. ఆ వెలుగు మాయమయ్యేలోపు దాని వర్ణపటాన్ని పట్టుకునే పరికరాన్ని ఆయన స్వయంగా రూపొందించారు. అంటే గణాంకశాస్త్రానికి పేరిచ్చిన మనిషి స్ఫటికంలో ఎలక్ట్రాన్ పట్టుబడటం, వెలుగుగా మారడం అన్న విషయానికి అప్పటికే చాలా దగ్గర్లో ఉన్నారు.

ఇప్పుడు లెనిన్‌గ్రాడ్‌కు వెళ్దాం. అక్కడ ఈ కథకు అసలు పాత్ర పుట్టింది.

యాకొవ్ ఫ్రెంకెల్ బోస్ పుట్టిన 1894లోనే పుట్టారు. 1931లో ఆయన ఒక ప్రశ్న వేసుకున్నారు. బంధక స్ఫటికం మీద కాంతి పడితే అది శక్తిని మింగుతుంది, విద్యుత్తు మాత్రం పారదు. మరి ఆ శక్తి ఎక్కడికి పోయింది? ఫ్రెంకెల్ సమాధానం: అది ఉద్రేకంగా ఒక అణువు మీద నిలిచి, అక్కడి నుంచి పక్క అణువుకు, మళ్లీ పక్కదానికి దూకుతూ స్ఫటికమంతా కణంలా తిరుగుతుంది. దానికి ఆయన ఎక్సిటాన్ అని పేరు పెట్టారు. 1937లో వానియర్ మరో రూపం ఇచ్చారు. అర్ధవాహకంలో కాంతి తగిలి ఎలక్ట్రాన్ తన చోటు వదిలి లేస్తే అక్కడొక ఖాళీ మిగులుతుంది. దాన్నే హోల్ అంటాం. అది ధనావేశం ఉన్న కణంలా ప్రవర్తిస్తుంది. లేచిన ఎలక్ట్రాన్, మిగిలిన హోల్ ఒకదాన్నొకటి లాక్కుని జంటగా తిరుగుతాయి. హైడ్రోజన్ పరమాణువుకు ఇది అచ్చమైన జోడీ, కాకపోతే కేంద్రంలో ప్రోటాన్ బదులు హోల్ ఉంటుంది. కనుక దానికి హైడ్రోజన్‌కు ఉన్నట్టే వరుస గీతల వర్ణపటం ఉండి తీరాలి.

గ్రాస్, కర్రియెవ్ 1952లో చూపింది ఆ వరుసనే. సుమారు 570 నానోమీటర్ల హద్దు వైపు జరిగేకొద్దీ గీతలు దగ్గర దగ్గరగా వచ్చాయి, వాటి మధ్య దూరాలు హైడ్రోజన్ సూత్రానికి లొంగాయి. గుంటూరు ఆకాశంలో మెరిసిన హీలియం పసుపు గీత 587.6 నానోమీటర్లది. రెండూ వర్ణపటంలో ఇరుగుపొరుగులు. ఇందులో భౌతిక సంబంధం ఏమీ లేదు, అయినా ఈ చరిత్ర రాసేటప్పుడు చెప్పకుండా దాటలేకపోయాను. 1952 జనవరిలోనే ఫ్రెంకెల్ లెనిన్‌గ్రాడ్‌లో కన్నుమూశారు.

ఫ్రెంకెల్ సిద్ధాంతం వెలువడిన దశకంలోనే కృష్ణన్ కలకత్తాలో పి.కె. శేషన్‌తో కలిసి ఆంత్రసీన్ వంటి సేంద్రియ స్ఫటికాలు కాంతిని ఎలా మింగుతాయో, ఎలా తిరిగి వెలిగిస్తాయో పరిశీలించారు. శుద్ధమైన ఆంత్రసీన్ నీలంగా వెలుగుతుంది. అందులో నాఫ్తసీన్ లేశమాత్రం కలిస్తే చాలు, వెలుగు ఆకుపచ్చకు తిరిగిపోతుంది. కాంతిని మింగింది ఆంత్రసీన్ అణువులు, వెలిగింది ఎక్కడో మారుమూల ఉన్న నాఫ్తసీన్. మధ్యలో శక్తిని మోసుకెళ్లింది ఎవరు? ఈనాడు ఏ పాఠ్యపుస్తకం తెరిచినా దీనికి ఎక్సిటానే సమాధానం. కృష్ణన్ తన స్ఫటికాల్లో ఎక్సిటాన్ల నడకను చూస్తూనే ఉన్నారు. ఢిల్లీకి వచ్చేనాటికి ఆయనకు స్ఫటికమూ తెలుసు, చలీ చేతిలో ఉంది, గణాంకశాస్త్రం కనిపెట్టిన పాత సహోద్యోగి పార్లమెంటు సభ్యుడిగా అదే ఊరికి వస్తున్నారు.

మరి ఆ ప్రశ్న ఇక్కడ ఎందుకు పుట్టలేదు? దీన్ని చేజారిన అవకాశంగా ఏడ్చేవాళ్లు ఉంటారు. నాకు అలా అనిపించదు. ఎక్సిటాన్ నిజంగా ఉందని చూపిన ఆధారం అప్పుడే, రష్యన్ భాషలో వచ్చింది. కండెన్సేషన్ అంటే ఆనాటి భౌతికశాస్త్రజ్ఞులకు హీలియం ఒక్కటే గుర్తొచ్చేది. కొత్తగా పుట్టిన దేశంలో ప్రయోగశాల అధిపతికి కొలతలు, ప్రమాణాలు, పరిశ్రమల అవసరాలు, సిబ్బంది నియామకాలు మీద పడ్డాయి. ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ఇలాంటి ప్రశ్న పుట్టాలంటే గణాంకం తెలిసినవాడు, స్ఫటికం పెంచేవాడు, వర్ణపటం తీసేవాడు ఒకే చోట రోజూ కలిసి మాట్లాడుకోవాలి. లెనిన్‌గ్రాడ్‌లో ఫ్రెంకెల్, గ్రాస్ పనిచేసిన వాతావరణం అలాంటిది. ఢిల్లీలో ఆ మనుషులు ఉన్నారు కానీ, బోస్ సభ ముగియగానే కలకత్తాకు రైలెక్కేవారు. యంత్రాలు కొన్నంత తేలికగా ఆ రోజువారీ సాంగత్యాన్ని కొనలేము.

ప్రశ్న 1962లో పుట్టింది, అదీ రెండుచోట్ల ఒకేసారి. అమెరికాలో జాన్ బ్లాట్, ఆయన సహచరులు బోయర్, బ్రాంట్ ఒకవైపు, సోవియట్ మోల్డోవాలో మోస్కలెంకో మరోవైపు. ఎలక్ట్రాన్, హోల్ విడివిడిగా ఒకే స్థితిలో కలిసి ఉండలేని కణాలు. జంట కడితే మాత్రం ఆ జంట బోస్ గణాంకానికి లోబడుతుంది. అయితే ఎక్సిటాన్లు కండెన్స్ కావాలి కదా?

ఆశ పెట్టుకోవడానికి బలమైన కారణం ఉంది. కండెన్సేషన్ మొదలయ్యే ఉష్ణోగ్రత కణం బరువు తగ్గేకొద్దీ పెరుగుతుంది. రుబిడియం పరమాణువు ఎలక్ట్రాన్ కంటే సుమారు 1,60,000 రెట్లు బరువు. క్యుప్రస్ ఆక్సైడ్‌లో ఎక్సిటాన్ బరువు దాదాపు మూడు ఎలక్ట్రాన్లంత. 1995 జూన్‌లో బౌల్డర్‌లో కార్నెల్, వీమన్ రుబిడియంలో కండెన్సేట్ సాధించడానికి వాయువును ఒక కెల్విన్‌లో కోటివంతుకు దగ్గరగా, 170 నానోకెల్విన్‌ల వరకు చల్లార్చవలసి వచ్చింది. ఎక్సిటాన్లకైతే ద్రవ హీలియం చాలునేమో అనిపించింది. 1952లో పూసాలో ఉన్న చలి చాలునన్నమాట.

అంత సులభంగా తేలలేదు. ఎక్సిటాన్‌కు ఆయువు తక్కువ. ఎలక్ట్రాన్ తిరిగి హోల్‌లో పడిపోతే జంట చచ్చి వెలుగుగా మారుతుంది. చల్లబడేలోపే పోతే ఇక కండెన్సేషన్ ఎక్కడిది? జెర్మేనియంలో ఇంకో చిక్కు. అక్కడ ఎక్సిటాన్లను దట్టంగా నింపితే అవి వాయువుగా ఉండవు, ఎలక్ట్రాన్ హోల్ ద్రవపు బొట్లుగా మారిపోతాయి. 1968లో మాస్కోలో కెల్దిష్ ఊహించిన ఈ బొట్లు తరువాత ప్రయోగాల్లో దొరికాయి. అదొక అందమైన శాఖ, అయినా మన దారి కాదు.

దారి మళ్లీ క్యుప్రస్ ఆక్సైడ్ వైపే తిరిగింది. అందులో ఎక్సిటాన్లు గట్టిగా కట్టుబడి ఉంటాయి, జంట సైజు ఒక నానోమీటరులోపే. వాటిలో పారా ఎక్సిటాన్ అనే రకం ఉంది. ఎలక్ట్రాన్, హోల్ స్పిన్‌ల అమరిక వల్ల అది కాంతిగా మారడానికి దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. అందుకే వందల నానోసెకండ్లు బతుకుతుంది, ఈ లోకంలో అది దీర్ఘాయువు. 1980ల నుంచి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ వోల్ఫ్ బృందం దీని వెంట పడింది. స్ఫటికాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి కింద లోపల శక్తి తక్కువైన చిన్న గుంట ఏర్పడుతుంది, ఎక్సిటాన్లు జారి అందులో చేరతాయి. లేజర్ కొట్టి, గుంట నింపి, వచ్చే మసక వెలుగు ఆకారం చూసి లోపలి కణాల వేగాలను లెక్కించారు. ఆ ఆకారం బోస్ గణాంకానికి సరిపోయింది. 1993లో కండెన్సేషన్‌కు ఆధారాలు దొరికాయని రాశారు.

ఆ తరువాత జరిగింది ఈ కథలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టం. అదే బృందం తన కొలతలను మళ్లీ తవ్వింది. గుంటలో నిజంగా ఎన్ని ఎక్సిటాన్లు ఉన్నాయో నేరుగా కొలిచింది. లెక్క బాగా తక్కువ వచ్చింది. కారణమూ వాళ్లే చెప్పారు. రెండు ఎక్సిటాన్లు ఢీకొంటే ఒకటి చచ్చి తన శక్తినంతా రెండోదానికి ఇచ్చేస్తుంది. ఆ శక్తి రెండు ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే ఇరవై వేల కెల్విన్‌లను మించిన వేడికి సమానం. గుంపు దట్టమయ్యేకొద్దీ ఈ ఢీకొట్లు పెరిగి, గుంపు తనను తానే కాల్చుకుంటుంది. కండెన్సేషన్‌కు కావలసిన దట్టదనమే చలికి శత్రువైంది. తమ వాదన నిలవదని తామే చూపడానికి వాళ్లు దశాబ్దం పైగా శ్రమ పడ్డారు.

మిగిలిన మార్గం ఒకటే. దట్టదనం పెంచకుండా చలిని ఇంకా కిందికి తీసుకెళ్లడం. టోక్యో విశ్వవిద్యాలయంలో కువాతా-గొనోకామి, యోషియోకా బృందం ఆ పని చేసింది. మొదట 2011లో ఒక కెల్విన్‌కు కాస్త దిగువన ప్రయత్నించింది. అక్కడ కండెన్సేట్ ఏర్పడబోయే క్షణాన దట్టదనం ఒక్కసారిగా పెరిగి గుంపు పేలిపోతున్నట్టు కనిపించింది. 2022లో హీలియం-3, హీలియం-4 ఐసోటోపుల మిశ్రమంతో నడిచే శీతలయంత్రంలో స్ఫటికాన్ని ఉంచి, ఒక కెల్విన్‌లో సగానికీ దిగువకు వెళ్లారు. పారా ఎక్సిటాన్ తనంతట వెలగదు కనుక మధ్యస్థ అవరక్త కాంతిని పంపి, అది ఎక్కడ ఎంత మింగబడిందో చిత్రించారు. గుంట నడిమధ్యలో చిన్న, దట్టమైన చుక్క తేలింది. ప్రశ్న పుట్టిన అరవై ఏళ్లకు దొరికిన చిత్రం అది. చిక్కేమిటంటే కండెన్సేట్‌లోకి చేరిన వంతు సిద్ధాంతం చెప్పినదానికన్నా చాలా తక్కువ. మిగతా ఎక్సిటాన్లు ఎందుకు దిగిరావడం లేదన్నది ఇప్పుడు అందరి ముందూ ఉన్న పని.

మరో దారి కూడా తెరుచుకుంది. ఢిల్లీ ఈ కథలోకి తిరిగి వచ్చేది ఆ దారినే. ఎదురెదురుగా రెండు అద్దాలు పెట్టి మధ్యలో అర్ధవాహకాన్ని ఉంచితే, కాంతి ఎక్సిటాన్‌గా, ఎక్సిటాన్ కాంతిగా మారుతూ రెండూ కలగలిసి పోలరిటాన్ అనే మిశ్రమ కణం అవుతుంది. కాంతి వాటా వల్ల దాని బరువు ఎలక్ట్రాన్‌లో పదివేల వంతుకు పడిపోతుంది. కండెన్సేషన్ ఉష్ణోగ్రత ఆ మేరకు పైకెగస్తుంది. 2006లో గ్రెనోబుల్ బృందం కాడ్మియం టెల్యురైడ్‌తో 19 కెల్విన్‌ల దగ్గర పోలరిటాన్ కండెన్సేట్ ప్రకటించింది. ఈ కణం కొన్ని పికోసెకండ్లే బతుకుతుంది కనుక, ఇది లేజర్ లాంటిదా, బోస్, ఐన్‌స్టీన్‌లు చెప్పినదా అన్న చర్చ తేలడానికి కాలం పట్టింది.

2009లో హౌజ్ ఖాస్‌లోని ఐఐటీ ఢిల్లీ నుంచి జి. విజయప్రకాశ్, ఆయన సహచరుడు ప్రదీశ్, కేంబ్రిడ్జికి చెందిన బామ్‌బర్గ్‌తో కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. లెడ్ అయొడైడ్ పొరలు, వాటి మధ్య సేంద్రియ అణువుల పొరలు తమంతట తాము ఒకదానిమీదొకటి పేర్చుకునే పదార్థం వాళ్లు ఎంచుకున్నది. ఒక్కో లెడ్ అయొడైడ్ పొరా ఎక్సిటాన్లను రెండు మితుల్లో బంధించే క్వాంటం బావి. ఇలాంటి బావులను గాలియం ఆర్సెనైడ్‌తో చేయాలంటే పరమాణువు పొర మీద పొర పేర్చే ఖరీదైన శూన్యయంత్రాలు కావాలి. ఇక్కడ ద్రావణం నుంచి పల్చటి పొర పూస్తే చాలు. ఇందులో ఎక్సిటాన్ ఎంత గట్టిగా కట్టుబడి ఉంటుందంటే గది వేడిలో కూడా విడిపోదు. అంత నాణ్యం లేని అద్దాల గదిలో, గది ఉష్ణోగ్రత దగ్గరే, కాంతీ ఎక్సిటానూ బలంగా కలిశాయని వాళ్లు చూపారు. అది కండెన్సేషన్ కాదు. దానికి తప్పనిసరి మొదటి మెట్టు. ఈ పొరల కుటుంబానికి దగ్గరి చుట్టాలైన పెరోవ్‌స్కైట్లలో గది వేడి దగ్గరే పోలరిటాన్ కండెన్సేషన్ చూపే పనులు తరువాతి దశాబ్దంలో సింగపూర్, చైనా, ఐరోపాల నుంచి వచ్చాయి.

పూసా నుంచి హౌజ్ ఖాస్‌కు ఒకే ఊరిలో ఒక ప్రయాణం. ఒకచోట చలిని పుట్టించారు, ఆ చలిలో వెతకవలసిన కణం ఇంకా ఊహకు రాలేదు. మరోచోట ఆ కణం చేతికి వచ్చింది, చలి అక్కర్లేని పదార్థాన్ని ఎంచుకున్నారు. మధ్యలో యాభై ఏడేళ్లు గడిచాయి. ఈ రెండింటినీ కలిపి చెప్పే పుస్తకం ఢిల్లీ విజ్ఞాన చరిత్రలో లేకపోవడం లోటు. కృష్ణన్ ఆంత్రసీన్ స్ఫటికాల నుంచి ఈనాటి లెడ్ అయొడైడ్ పొరల వరకు ఒకే వరుసలో చదివితే, ఎక్సిటాన్ మనకు దిగుమతి విషయమేమీ కాదని తెలుస్తుంది.

కృష్ణన్ 1961 జూన్ 14న ఢిల్లీలో కన్నుమూశారు. అదే ఏడాది రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు పదవిలో డి.ఎస్. కొఠారీ స్థానంలోకి సూరి భగవంతం వచ్చారు. ఫోటాన్ స్పిన్‌ను కొలిచిన ఆగిరిపల్లి కుర్రవాడు 1962 నాటి చైనా యుద్ధాన్ని ఆ పదవిలో ఎలా ఎదుర్కొన్నారో వచ్చే భాగంలో.